బండి పీల్చిన గాలి

ఫిబ్రవరి 6

అక్కకి,

దండాలు. నువ్వు ఇంట్లో ఫోను పెట్టించుకోవు, నేను ఉత్తరాలు మానలేను. మనిద్దరి పుణ్యమా అని పోస్టుమాన్ ఉద్యోగం నిలబడింది. ఇక్కడ నేనూ నీ మరదలూ బాగున్నాం. తనకి ఏడో నెల నిండింది.

అసలు సంగతి బండిది. బావ పోయాక నువ్వు నాకిచ్చిన ఈ కారు అక్కడ మీ కొట్టు పరుపులు మోసినంతకాలం రాజాలా తిరిగింది. ఇక్కడ కొండదారిలో మాత్రం ముసలి దున్నే. ఊరు కొండ అడుగున, ఆసుపత్రి కొండ నెత్తిన. ఆ ఆసుపత్రికి మనుషుల్ని ఎక్కించి దింపితేనే మాకు పొయ్యి వెలుగుతుంది. సగం దారిలో ఒక మలుపుంది. అక్కడికొచ్చేసరికి ఫస్టు గేరులో కూడా ఏడుపే. మొన్న నీ మరదల్ని డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తుంటే సరిగ్గా అక్కడే ఆగిపోయింది. పాపం, పొట్ట పట్టుకుని మిగతా దారంతా నడిచింది. నొప్పులొచ్చిన రోజున కూడా ఇలాగే అయితే ఏం గతి అని అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఇక్కడ ఒక మెకానిక్ ఉన్నాడు. అందరూ గొట్టాలాయన అంటారు. బండి చప్పుడు విని, "దీనికి తిండి బాగానే దొరుకుతోంది, ఊపిరే ఆడటం లేదు" అన్నాడు. ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలో ఒక నల్ల డబ్బా ఉంటుందిలే. దాని మూతి ఇరుకు, పైగా ఇంజిన్ పక్కనే ఉండి కాగిన గాలే పీలుస్తుంది. ఆ డబ్బా తీసేసి, వెడల్పాటి గొట్టం వేసి, దాని మూతిని ముందు లైటు వెనక చల్లగాలి తగిలే చోట పెడతాడట. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెట్రోలు బాగా మండుతుంది, బలం వస్తుంది. గొట్టం చివర ఫిల్టరు కూడా ఆయనే చేత్తో కడతాడు. తీగె జల్లెడ మీద నూనె రాసిన సన్నని గుడ్డ, అంతే. దుమ్ము పోకూడదు, గాలి ఆగకూడదు. అలాంటి గుడ్డే ఇక్కడ దొరకడం లేదు.

బావ దూది ఏకేటప్పుడు ముక్కుకి కట్టుకోవడానికి నువ్వు గుడ్డలు కుట్టేదానివి కదా. ఆ నేత గుడ్డ తానులో మిగిలి ఉంటే ఒక ముక్క పంపు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 14

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వూ మరదలూ చల్లగా ఉండాలి. ఏడో నెల పిల్లని కొండ మీద నడిపించావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. బండి ఆగితే నువ్వు మోసుకెళ్ళాలి, నీ ఒళ్ళు దేనికి పెంచినట్టు?

తానులో గుడ్డ లేదు. దూది గదిలో మేకుకి మీ బావవే రెండు ముక్కుగుడ్డలు వేలాడుతున్నాయి. ఆయన పోయాక ఆ గదికి తాళం వేసినదాన్ని మళ్ళీ తీయలేదు, ఇవాళ నీకోసం తీశాను. ఏకే మిషను మీదా, కిటికీ ఊచల మీదా, ఆఖరికి ఆయన కుర్చీ మీదా దూది నుసి వేలు మందాన పేరుకుంది. లోపల అడుగు పెడితే నా అడుగు నాకే వినిపించలేదు.

ఆ రెండూ పంపుతున్నాను. రోజూ సాయంత్రం నేను ఉతికి ఆరేసినవే. నా సంగతి నీకు తెలుసుగా, బయట తిరిగొచ్చినది ఏదైనా నీళ్ళలో ముంచందే గడప దాటనివ్వను. చిన్నప్పుడు నిన్ను కూడా బట్టలతో సహా ముంచాను, నువ్వు వీధంతా వినేలా ఏడ్చావు. ఆ గది దుమ్మే మీ బావ ఊపిరితిత్తుల్ని తినేసింది. ఈ గుడ్డలు ఆపగలిగినంత ఆపాయి. నీ పెళ్ళానికి అవసరం పడితే ఆయన కాదనేవారు కాదు.

కొట్టు నడుస్తోంది, కుట్టుపనికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. పక్కింటి నర్సు రోజూ పలకరించి పోతుంది. అయినా ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది రా. ఇంటినిండా పరుపులున్నాయి, నిద్రే లేదు.

అక్క

మార్చి 1

అక్కకి,

పార్సిల్ అందింది. బావ గుడ్డలని తెలిసి తిరిగి పంపేద్దామనుకున్నాను. గొట్టాలాయన వాటిని వెలుతురుకెత్తి చూసి, "ఇలాంటి నేత ఈమధ్య ఎక్కడా చూడలేదు" అని కత్తెర తీయబోయాడు. కోయనివ్వలేదు. ఒకదాని మీద ఒకటి మడిచి తీగె జల్లెడకి చుట్టించాను. వాటి తాళ్ళతోనే ముడి వేశాం. మూల నువ్వు నీలం దారంతో వేసిన కుట్టు పైకే కనిపిస్తోంది.

"ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఈ పనికి చప్పుడు బోలెడు, బలం కొంచెం" అని ఆయన ముందే చెప్పాడు. అక్కా, ఏం చెప్పమంటావు! మలుపు దగ్గర మూడో గేరులో ఎక్కింది. నేను కాలు పూర్తిగా నొక్కనే లేదు, ఎవరో వెనక నుంచి అరచెయ్యి పెట్టి తోసినట్టు పోయింది. గొట్టాలాయన నా పక్కనే కూర్చున్నాడు. పైకెళ్ళాక దిగి, బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాడు.

చప్పుడే వింతగా ఉంది. ఇలా చేయించిన బండ్లు గర్రుమంటాయి. ఇది అలా అనదు. పొడుగ్గా గాలి పీలుస్తుంది, సగంలో ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ అందుకుని చివర్లో సన్నగా ఈల వేస్తుంది. నీ మరదలు ఒకసారి ఎక్కి వెంటనే దిగిపోయింది. "ముందర ఎవరో పడుకుని ఉన్నారు, నేను రాను" అంది. కడుపుతో ఉన్నవాళ్ళకి అన్నీ అనుమానాలేగా. నువ్వు వింటే పడీ పడీ నవ్వుతావు.

నీ తమ్ముడు

మార్చి 9

తమ్ముడికి,

ఆశీస్సుల సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పు, వేళాకోళానికి నీకు పోయినవాళ్ళే దొరికారా?

పొడుగ్గా పీల్చి, సగంలో ఆగి, చివర్లో ఈల. అది ఎవరి ఊపిరో నీకు తెలియదూ? ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊపిరి పక్కనే పడుకున్నాను. అది సగంలో ఆగినప్పుడల్లా నాదీ ఆగేది. ఆయన మళ్ళీ అందుకున్నాకే నేను పీల్చేదాన్ని. ఒకరోజు ఆయన అందుకోలేదు. ఇది నవ్వుకోవడానికి రాసే విషయమా? అడిగిన వెంటనే ఆయన గుడ్డలు తీసి ఇచ్చాను చూడు, నన్ను నేనే తిట్టుకోవాలి.

నిన్న ఇక్కడిదాకా రాసి, కోపంతో పక్కన పడేశాను. ఇవాళ పొద్దున్న దూది గదికి మళ్ళీ తాళం వేద్దామని వెళ్ళాను. కిటికీ మూసే ఉంది. గుమ్మంలో నిలబడితే లోపల వినిపించింది. మేకు ఉన్న గోడ వైపు నుంచి. పొడుగ్గా పీల్చడం, ఆగడం, అందుకోవడం, ఈల.

తాళం వేయలేదు. నువ్వు వేళాకోళం చేయలేదని ఒట్టేసి రాయి. రాసి, బండి ఏయే వేళల్లో బయటికి తీస్తావో అది కూడా చెప్పు.

అక్క

మార్చి 17

అక్కకి,

ఒట్టు, నీ మీద ఒట్టు, పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు. నాకు తెలియదు అక్కా. నేనున్నంతసేపూ బావ మాట్లాడుతూనే ఉండేవాడు, ఆయన ఊపిరి వినే సందు ఎక్కడిచ్చాడు?

నువ్వు ఒంటరిగా ఉండి ఏవేవో వింటున్నావు. ఖాళీ ఇంట్లో బల్లి పాకినా మనిషే అనిపిస్తుంది. ఆ గది మూసెయ్యి. కాన్పు కాగానే ఇక్కడికి వచ్చి కొన్నాళ్ళుండు. వేళలు అడిగావు కాబట్టి చెప్తున్నాను. పొద్దున్న పాలవాడు వచ్చి వెళ్ళాక ఒక ట్రిప్పు, సాయంత్రం ఆసుపత్రి వదిలే వేళకి ఒకటి.

నిన్న ఫిల్టరు శుభ్రం చేద్దామని విప్పాం. ఇక్కడి దారిలో ఎర్రమట్టి లేస్తుంది, గుడ్డ ఎర్రబడి ఉంటుందనుకున్నాను. తెల్లగా ఉంది. నిండా దూది నుసి. ఈ కొండ మీద పరుపుల కొట్టు లేదు, దూది ఆరబోసే ఇల్లు కూడా లేదు. గొట్టాలాయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఈ గొట్టంలో ఇంత బలం లేదు. నీ బండి గాలి ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో చూసుకో" అన్నాడు. ఎక్కడి నుంచి ఏంటి, ముందున్న లైటు పక్కనుంచి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నీ తమ్ముడు

మార్చి 26

ఒరేయ్ బంగారం,

నమ్మాను. మరదలి ఒంట్లో ఎలా ఉంది? కాళ్ళు వాచాయా? ఎత్తు మీద పెట్టుకుని పడుకోమను.

నాకు మాత్రం చాలా హాయిగా ఉంది. దూది గదికి నేను చీపురు పట్టలేదు, అయినా రోజురోజుకీ శుభ్రపడుతోంది. ముందు కిటికీ ఊచలు, తర్వాత మిషను, ఇప్పుడు నేల. నుసి అంతా సన్నని చారగా మేకు వైపు పాకి, అక్కడ మాయమవుతోంది. ఆయన కుర్చీ తెచ్చి ఆ మేకు కిందే వేసుకున్నాను. పాలవాడు వెళ్ళగానే కూర్చుంటాను. నువ్వు మలుపు ఎక్కేటప్పుడు నాకు తెలిసిపోతుంది, ఊపిరి బలంగా వస్తుంది, నా చీర చెంగు కూడా గోడ వైపు లేస్తుంది. నిన్న మధ్యాహ్నం వేళకాని వేళలో ఎక్కడికెళ్ళావు? కొట్లో బేరం వదిలేసి పరిగెత్తుకొచ్చి కూర్చున్నాను.

ఆ తలుపే కాస్త మొండికేస్తోంది. ఊపిరి వినిపిస్తున్నంతసేపూ గట్టిగా బిగుసుకుంటుంది, తోసినా తెరుచుకోదు. తొందరేముంది, అది వదిలినప్పుడే వస్తాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నర్సు ఒకటే సొద, పరీక్ష చేయించుకోమని. వయసొచ్చాక ఆయాసం రాక ఆటలొస్తాయా?

ఒక్క కోరిక రా. ట్రిప్పులు పెంచు. ఊరికే అయినా సరే, ఆ మలుపు దాకా వెళ్ళి రా.

అక్క

ఏప్రిల్ 5

అక్కకి,

ఆ రోజు మధ్యాహ్నం నేను బండి తీసిన మాట నిజం. కాలు విరిగిన ముసలామెను పైకి చేర్చాను. నీకెలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

నువ్వు అడిగావని నాలుగు రోజులు మలుపు దాకా ఊరికే తిరిగాను. బండి బలం రోజురోజుకీ పెరుగుతోంది. మొదట సంతోషపడ్డాను, ఇప్పుడు పడటం లేదు. మొన్న ఇంటి ముందు ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక కూడా ఆ గొట్టం ఇంకొక్కసారి పీల్చింది. పొడుగ్గా. బండి పక్కన పడున్న ఎండుటాకులు లైటు వైపు జరిగాయి.

ఫిల్టరు విప్పి చూశాను. నుసి మధ్యలో ఒక పొడుగాటి వెంట్రుక ఉంది. నెరిసినది. దానికి నీ తలనూనె వాసన ఉంది. నేను దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. బావది బట్టతల కదా అక్కా.

నువ్వు బాగానే ఉన్నావా? నిజం రాయి. పాత నల్ల డబ్బా గొట్టాలాయన షెడ్డులో భద్రంగా ఉంది. నీ మరదలికి ఇవాళో రేపో అన్నట్టుంది, తన కాన్పు కోసం ఆ బలం ఉండనిచ్చాను. అది కాగానే గొట్టం తీయించేస్తాను. అప్పటిదాకా ఆ గదిలోకి వెళ్ళకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 10

తమ్ముడూ,

వెంట్రుక నాదే. దాచి ఏం లాభం.

రాత కొంకర్లు పోతోంది, సర్దుకుని చదువుకో. నాలుగు మాటలు రాసి ఆగి పీల్చుకోవాల్సి వస్తోంది. ఆయన దగ్గరున్న గాలి చాలడం లేదు కాబోలు, నాది కొంచెం తీసుకుంటున్నారు. తీసుకోనీ. అంతకాలం కలిసి తిన్నాం, ఇదొకటి పంచుకోలేనా?

ఆ గొట్టం ముట్టుకున్నావో, మనిద్దరికీ మాటల్లేవు. ఆ ఊపిరి ఆగడం ఒకసారి విన్నాను. రెండోసారి నాకు వినిపించకు. నువ్వు తీసేస్తే ఆయన్ని నువ్వే చంపినట్టు.

మరదల్ని మాత్రం ఆ బండిలోనే తీసుకెళ్ళు. గట్టిగా నొక్కు. ఎక్కడా ఆగకు. నేను మేకు కిందే ఉంటాను.

అక్క

ఏప్రిల్ 15

అక్కా,

నీకు మేనకోడలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పిల్ల ముక్కు నీదే.

మొన్న మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. నీ ఉత్తరం అప్పటికి అందలేదు. అంది ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు, నన్ను అడగకు. యాక్సిలరేటరు నేలకి ఆనించి మలుపు ఎక్కాను. బండి ఎన్నడూ లేనట్టు పోయింది. నీ మరదలు అంత నొప్పిలోనూ నా భుజం గిచ్చి "ఇద్దరున్నారు, ఇద్దరున్నారు" అంది. నేను కవలలనుకున్నాను. తర్వాత నాకూ వినిపించింది. గొట్టంలో రెండు ఊపిర్లున్నాయి. ఒకటి ఆగి, అందుకుని, ఈల వేసేది. దాని వెనకే చిన్నగా, ఆత్రంగా ఇంకొకటి. మొదటిది ఆగితే అదీ ఆగుతోంది, మొదటిది అందుకున్నాకే అదీ పీలుస్తోంది. నువ్వు మార్చిలో రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. కానీ మలుపులో ఉన్నాను అక్కా, పక్కన నీ మరదలు అరుస్తోంది. కాలు తీయలేదు.

పైన దింపి, కిందికి వచ్చేటప్పుడు ఇంజిన్ ఆపేసి బ్రేకు మీదే దొర్లించుకుంటూ వచ్చాను. ఇంటి దగ్గర నీ ఉత్తరం ఉంది. చదివి, వెంటనే గొట్టాలాయన్ని పిలుచుకొచ్చాను. గొట్టం ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయాను. విప్పితే బావ ఒక్కడే పోతాడా, నువ్వూ పోతావా? "దేన్నైనా ఎక్కడి నుంచి తెచ్చావో అక్కడికే చేర్చు" అన్నాడు ఆయన. విప్పాం. నల్ల డబ్బా మళ్ళీ బిగించాం.

గుడ్డలు రెండూ నూనెతో, నుసితో ఉన్నవి ఉన్నట్టే కాగితంలో చుట్టి, మీ ఊరి మీదుగా వెళ్తున్న కూరగాయల లారీ డ్రైవరు చేతికిచ్చాను. అతను ఇంజిన్ ఆపకుండా తొందర పెట్టాడు, అందులో చీటీ పెట్టే వీలు లేకపోయింది. పసిబిడ్డనీ బాలింతనీ వదిలి నేను రాలేను. అందుకే ఇదంతా పోస్టులో రాస్తున్నాను. ఉతకొద్దు అక్కా. వాటిని అలాగే ముక్కుకి కట్టుకుని గట్టిగా పీల్చు. నీది నువ్వు తీసేసుకో. మాటలు మానేస్తే మానెయ్యి, బతికి ఉండి మానెయ్యి.

నీ తమ్ముడు

ఏప్రిల్ 19

తమ్ముడూ,

పిల్లకి నా ముద్దులు. నా ముక్కెందుకు వచ్చిందో పాపం.

నువ్వు మరదల్ని పైకి తీసుకెళ్ళిన ఆ మధ్యాహ్నమే నేను కుర్చీలోంచి కింద పడ్డాను. తలుపు బిగుసుకుపోతే నర్సూ, కుట్టుపని వాళ్ళిద్దరూ కలిసి లాగారట. తెరుచుకోగానే ఇంట్లో గాలంతా ఒక్కసారిగా లోపలికి కొట్టిందని, వాకిట్లో కాగితాలు కూడా వచ్చి పడ్డాయని చెప్పుకుంటున్నారు. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాను. ఛాతీ మీద పరుపులు పేర్చినట్టుంది. గదిలో చప్పుడు ఆగిపోయింది. నువ్వు గొట్టం తీశావని అర్థమై, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడానికి ఊపిరి చాల్లేదు.

నిన్న లారీ అతను పార్సిల్ ఇచ్చి పోయాడు. విప్పితే ఆయన గుడ్డలు, జిడ్డోడుతూ, నుసి అంటుకుని. ఆయన వస్తువుల్ని ఇలా పంపడానికి నీకు చేతులెలా వచ్చాయని కోపం వచ్చింది. నర్సు వద్దంటున్నా గోడ పట్టుకుని లేచాను. సబ్బు రుద్ది, రెండూ ఒకే బకెట్లో పిండి, తీగె మీద ఆరేశాను. ఇంకేం చేస్తాను రా? ఇరవై ఏళ్ళు అదేగా చేశాను.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

నర్సు నన్ను వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. ఎండ మండిపోతోంది, గాలి లేదు, పక్కింటి చెట్టుకి ఒక్క ఆకు కదలడం లేదు. తీగె మీద గుడ్డలు రెండూ ఉబ్బుతున్నాయి, అణుగుతున్నాయి. ఒకటి సగంలో ఆగుతోంది, రెండోదీ ఆగుతోంది. నర్సు చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏది ఆయనదో ఏది నాదో పోల్చుకోలేకపోతున్నాను. రెండూ నేను కుట్టినవే, రెండింటికీ అదే నీలం కుట్టు. ఒకదాని రంగు ఒకదానికి అంటినట్టు బకెట్లో రెండు ఊపిర్లనీ కలిపేశాను కాబోలు.

విడదీసి చూసే ఓపిక లేదు. నీ బండికి చుట్టినట్టే ఒకదాని మీద ఒకటి వేసి కట్టుకుంటాను. ఎలా జరిగితే అలా జరుగుతుంది. నీ మీద కోపం పోయింది.

అక్క

మే 20

ఒరేయ్ తమ్ముడూ,

అందరూ కులాసా అని తలుస్తాను. పిల్ల పాలు బాగా తాగుతోందా? వచ్చే నెల నేనే వచ్చి ఎత్తుకుంటాను. మలుపు దగ్గర నీ ముసలి దున్న ఆగిపోతే ఆగనీ, దిగి నడుస్తాను. ఇప్పుడు మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కుతున్నాను, డాక్టరు కూడా ఏమీ లేదన్నాడు.

గుడ్డలు మూడు రోజులు ముక్కుకి కట్టుకునే ఉన్నాను. మూడో రోజుకి అవి మామూలు గుడ్డలయ్యాయి. తీగె మీద వేస్తే కదల్లేదు, మేకుకి తగిలిస్తే ఊరికే వేలాడాయి. గదిలో చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. ఆయన పూర్తిగా వెళ్ళిపోయారనుకుని కూర్చుని ఏడ్చాను.

నిద్ర మాత్రం బాగా పడుతోంది. ఆయన పోయాక ఇంత నిద్ర ఎన్నడూ లేదు. మొన్న మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తుంటే నర్సు వచ్చి తట్టి లేపింది. మొహం పాలిపోయి ఉంది. "ఏంటమ్మా అది? పొడుగ్గా పీలుస్తున్నావు, సగంలో ఆగిపోతున్నావు, తర్వాత ఈల వేస్తున్నావు. నువ్వెప్పుడూ ఇలా పడుకోలేదే" అంది. నేను నవ్వాను. ఇంత దగ్గర పెట్టుకుని గోడలకి చెవి ఆనించానా అని.

పాపం, అది భయపడి ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుంటోంది. ఆ ఆగడం మొన్నటికన్నా నిన్న ఎక్కువసేపుందట, నిన్నటికన్నా ఇవాళ ఇంకాస్త. నువ్వు కంగారు పడకు. ఆగిన చోటి నుంచి ఎలా అందుకోవాలో ఆయనకి బాగా తెలుసు. అన్నేళ్ళలో ఒక్కసారే తప్పింది.

అక్క